ఏడు తరాలు ఎక్కడ దొరుకుతాయి?

కార్తీకం వచ్చిందంటే నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు చుట్టుపక్కల మామిడితోటలు ఆదివారం పూట ఖాళీగా ఉండవు. పూతకు ఇంకా వ్యవధి ఉంటుంది కనుక తోటవాళ్లూ కాదనరు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద పెద్దక్షరాల్లో ఇంటిపేరు, దాని కింద ‘ఆత్మీయ సమ్మేళనం’ అని ఉంటుంది. ఉసిరిచెట్టు కింద పూజ, పెద్దలకు శాలువాలు, పులిహోర, గుత్తివంకాయ, పిల్లలకు కుర్చీలాట, సాయంత్రం వచ్చే ఏటి కమిటీ ఎన్నిక. ఈమధ్య షామియానా గుంజకు కట్టిన వంశవృక్షం చార్టు కూడా కనిపిస్తోంది. పై దేశాల్లో వంశచరిత్ర సంఘాలు నెలనెలా కూడి చేసే పనిని మనవాళ్లు ఏడాదికోసారి, భోజనాలకు ముందో వెనకో కానిచ్చేస్తున్నారు.

ఆ చార్టు దగ్గర కాసేపు నిలబడితే దాని బలహీనత తెలిసిపోతుంది. పైన ఎవరో మహానుభావుడు, వీలైతే రాజుగారి దగ్గర దండనాయకుడు. కింద కొడుకులు, వాళ్ల కొడుకులు. కూతుళ్లు ఉండరు. భార్యలుంటే పేరుంటుంది, పుట్టింటి పేరు ఉండదు. పక్కనే నిలబడ్డ ఓ ముసలావిడ “మా అత్తగారిది ముసునూరు కాదురా అబ్బాయ్, చాట్రాయి. ఆవిడ ఈయనకు రెండో సంబంధం” అంటుంది. “సరేలే అమ్మమ్మా” అని కుర్రాడు ఫోటో తీసుకుని వెళ్లిపోతాడు. ఆ రోజంతటికీ అసలైన ఆధారం ఆవిడ అన్న ఆ ఒక్క మాటే. దాన్ని రాసుకున్నవాడు లేడు.

వంశం లెక్క మనకు కొత్త విద్యేం కాదు. పెళ్లి పీటల మీద వధూవరుల మూడు తరాల పేర్లు గోత్రంతో సహా నలుగురికీ వినబడేలా చదువుతారు. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారి పేర్లూ చెప్పాలి. మహాలయ పక్షంలో తల్లి వైపువాళ్లూ వస్తారు. మన చార్టులకంటే ఈ తర్పణాల జాబితాయే నయం, ఆడవాళ్లను వదిలెయ్యలేదు. ఈ ఆచారం లేని ఇళ్లకు పిచ్చుకుంట్లవాళ్లు ఉండేవారు. ఇప్పుడు వంశరాజ్ అని వ్యవహరించేది వాళ్లనే. పంటలప్పుడు గడపగడపకూ వచ్చి ఆ ఇంటివారి గోత్రం, మూలపురుషులు, వలసవచ్చిన దారి కథగా చెప్పి సంభావన తీసుకునేవారు. తెలంగాణలో ముదిరాజులకు కాకిపడగలవాళ్లలా ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత కులం. ఆ కథల్లో పై తరాలు పురాణం, కింది మూడు నాలుగు తరాలు చరిత్ర. మన సమ్మేళనాలు మాత్రం పైదాన్ని అచ్చువేసుకుని కిందదాన్ని పారేస్తున్నాయి.

వెతకడం ఇంట్లోంచే మొదలుపెట్టాలి. అటక మీది ట్రంకుపెట్టెలో నేను ముందు చూడమనేది ఫోటోల కోసం కాదు, చదివింపుల పుస్తకం కోసం. పెళ్లిలో ఎవరెంత చదివించారో రాసిన ఆ పొడుగాటి ఖాతా పుస్తకంలో పేరు, ఊరు, రూపాయలు వరసగా ఉంటాయి. ఒక్క సాయంత్రం పూట బంధువర్గం మొత్తం ఊళ్లతో సహా హాజరైన పట్టిక అది. అందరూ రెండేసి రూపాయలు చదివించిన చోట ఒకాయన యాభై రాశాడంటే మేనమామేమో అడగాలి. పట్టుచీరలు రాసి ఉన్న పేర్లు దగ్గరి చుట్టాలవి.

తర్వాత తేదీలు. పెద్దవాళ్లు అంకెలు చెప్పరు, సంఘటనలు చెబుతారు. బందరు ఉప్పెన అంటే 1864, దివిసీమ ఉప్పెన అంటే 1977 నవంబరు. కృష్ణా పుష్కరాలకు కడుపుతో ఉందంటే పన్నెండేళ్ల మెట్లు లెక్కపెట్టుకోవాలి: 1968, 1980, 1992. తాటాకు జాతకంలో ‘నందన’ అని ఉంటే అది 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. ఆ మనిషి కొడుకు బడిలో చేరిన ఏడాది దొరికితే మూడింట్లో ఏదో తేలిపోతుంది. అయితే పాత బడి రిజిస్టర్లలో పుట్టినరోజును చాలాచోట్ల మాస్టారు ఉజ్జాయింపుగా వేసేవారు కాబట్టి ఏడాదిని నమ్మినంతగా తేదీని నమ్మకూడదు.

ఇంకో మంచి ప్రశ్న: “మీ ఇలవేల్పు ఎవరు, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిస్తారు?” ఊరు మారినా, ఇంటిపేరు వంకర తిరిగినా ఆ మొక్కు అంత తేలిగ్గా మారదు. ఈ సీమకే చెందిన మీర్జాపురం రాజావారు మద్రాసులో సినిమా స్టూడియో పెడితే దానికీ శోభనాచల అనే పేరే పెట్టారు. ఆగిరిపల్లి కొండ మీది స్వామి పేరు అది.

తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. అందువల్ల ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకటసుబ్బయ్యలు తేలతారు. వాళ్లను విడదీసేది భార్యల పేర్లే. మేనరికాలుంటే ఒకే మనిషి చార్టులో రెండుచోట్ల వస్తాడు, అది తప్పు కాదు. ఇల్లరికం, దత్తత ఉంటే పుట్టినిల్లు, చేరినిల్లు రెండూ రాయాలి. దత్తతను దాచిన వంశవృక్షం పనికిరాదు.

ఇక కాగితాలు. ఇక్కడ నూజివీడు సంగతి వేరు. డెల్టాలోని రైత్వారీ గ్రామాల్లో సర్కారు నేరుగా రైతు పేరున పట్టా రాసింది కనుక 19వ శతాబ్దపు సెటిల్‌మెంటు రిజిస్టర్లలో పేర్లు దొరుకుతాయి. ఈ తోటల సీమ అప్పారావుల జమీ. సర్కారుకు పేష్కషు కట్టేది జమీందారు, రైతు పేరు ఉండేది జమీందారు దివాణంలో, కరణంగారి దస్తరంలో. ఆ జమీని పంచవచ్చా, పంచకూడదా అన్న తగవు లండన్‌లోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లింది కాబట్టి అప్పారావుల వంశవృక్షం కోర్టు తీర్పుల్లో భద్రంగా ఉంది. వాళ్ల రైతుల వంశవృక్షాలకు ఆ భాగ్యం లేదు. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం తర్వాత ఇచ్చిపుచ్చుకున్న పట్టా, ముచ్చిలికలు (రైతు రాసిచ్చే ఒప్పందాలు) ఇళ్లల్లో మిగిలి ఉంటే మహాప్రసాదం. 1948 చట్టంతో జమీలు రద్దయ్యాక సర్వే చేసి రాసిన ‘సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగలు’ ఈ ఊళ్లకు తొలి సర్కారీ ఆధారం అనుకోవాలి. అంతకు ముందుది కావాలంటే మాన్యాల వైపు చూడాలి. 1858లో మొదలైన ఇనాం కమిషన్, మాన్యం మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని విచారించి రిజిస్టర్లు రాసింది. గుడి అర్చకుల మాన్యాలే కాదు, గ్రామ సేవకుల మాన్యాలు కూడా కొన్ని వాటికెక్కాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఎన్ని దస్తరాలు చెదలపాలయ్యాయో ఊరూరా చెప్పుకుంటారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది రిజిస్టరు దస్తావేజు. మొదటి పేజీలో రాయించినవారి తండ్రి పేరు, ఊరు, జీవనాధారం. చివర సాక్షులు, వాళ్లు తరచు బావమరుదులు, తోడల్లుళ్లు. మధ్యలో హద్దులు: తూర్పున ఫలానావారి మామిడితోట, దక్షిణం డొంక, పడమర మా అన్నగారి భాగపు భూమి, ఉత్తరాన అక్కగారి పసుపుకుంకుమ భూమి. నాలుగు గీతల్లో అన్నదమ్ముల పంపకం, ఆడపడుచుకు ఇచ్చిన కట్నం, ఇరుగుపొరుగు అన్నీ బయటపడతాయి. చార్టులో చోటు దొరకని ఆడవాళ్లు దఖలు దస్తావేజుల్లో, వీలునామాల్లో సొంత పేర్లతో, వేలిముద్రలతో కనిపిస్తారు. అమ్మమ్మల వైపు చరిత్ర కావాలంటే భూమి కాగితాలే దారి.

భూమి లేనివాళ్ల మాటేమిటి? క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ రిజిస్టర్లున్నాయి. మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ (సీఎమ్మెస్) 1841లో అడుగుపెట్టింది. ముస్లిం కుటుంబాలు ఖాజీల దగ్గరి నిఖా రిజిస్టర్లు చూడాలి. బతకలేక ఓడెక్కినవాళ్ల వివరాలు మాత్రం విచిత్రంగా ఇంటి దగ్గరకంటే సముద్రం అవతలే బాగా దొరుకుతాయి. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చలు కూడా రాశారు. రాయనిది ఇంటిపేరే. డర్బన్‌లో తెలుగువాళ్లు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అయినా ముత్తాత ఊరు వెతకాలంటే వాళ్ల చేతిలో వంకర స్పెల్లింగు మాటొకటే ఉంటుంది.

వెతికేవారు గుర్తుపెట్టుకోవలసిన చిక్కు ఒకటుంది. నూజివీడు 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో ఉంది, అంతకుముందు కృష్ణా జిల్లా. ఏలూరు 1925 దాకా కృష్ణాలోదే. పాత కాగితం బందరులో ఉండొచ్చు, ఇంకా పాతది చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు. జిల్లా మారినప్పుడల్లా ఏ కట్ట ఎక్కడికి పోయిందో ముందు అడిగి తెలుసుకోవాలి.

సమ్మేళనం పెట్టేవారికి నా సలహా ఇది. సన్మానాల గంటలో అరగంట తగ్గించి ఒక బల్ల వేయండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి, ఒకరు ఫోన్‌తో కాగితాలను ఫోటో తీయాలి. ప్రతి పేరు పక్కన ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో రాయాలి. తెలియని గడిని ఖాళీగా వదలాలి. మొదటి కుర్చీ ఇంటి పెద్దకు కాదు, పెద్దకోడలికి వేయాలి. రెండిళ్ల సంగతులు తెలిసిన మనిషి ఆవిడే.

మీరు ఒంటరిగా మొదలుపెట్టినా ఫరవాలేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులకు పేర్ల సూచిక వేరే ఉంటుంది. రుసుము కట్టి ఎవరైనా నకలు అడిగే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి ఆఫీసులో చేత్తో వెతికించాలి. వెళ్లేముందు అమ్మమ్మ పుట్టింటి పేరు, ఊరు, ఉజ్జాయింపు సంవత్సరం ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.