చప్పట్ల తరువాత

విద్యార్థుల ఆధ్యాత్మిక సభ జరిగిన మరునాడు పెద్దలు పరస్పరం వేసుకునే మొదటి ప్రశ్న, ప్రధానోపన్యాసం ఎలా సాగిందని. వచ్చే సమాధానం సాధారణంగా ఉపన్యాసాన్ని గురించి ఉండదు; శ్రోతలను గురించి ఉంటుంది. హాలు నిండిందని, చప్పట్లు మార్మోగాయని, పిల్లలు కదలకుండా కూర్చున్నారని చెప్పుకుంటాం. ఉపన్యాసానికి శ్రోతల స్పందనే గీటురాయి అన్న ఈ నమ్మకాన్ని ఒకసారి పరీక్షించవలసి ఉంది. అందుకు మనకు బాగా పరిచయమైన ఒక్క వక్తను, ఆయన మాట్లాడిన మూడు సభలను తీసుకుందాం.

మొదటిది అందరికీ తెలిసినదే. 1893 సెప్టెంబరు 11న చికాగో సర్వమత మహాసభలో స్వామి వివేకానంద శ్రోతలను సోదరీ సోదరులుగా సంబోధించగానే సభ హర్షధ్వానాలతో దద్దరిల్లింది. ఆ ధ్వనులు రెండు నిమిషాలు సాగాయని ఆయనే నవంబరు 2న మద్రాసులోని శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు రాశారు. తన గుండె దడదడలాడిందని, నోరు ఎండిపోయిందని, ఉదయం మాట్లాడే ధైర్యం చాలలేదని కూడా అదే లేఖలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. మన వక్తృత్వ పోటీలలో చప్పట్ల సంగతి తప్పక వినిపిస్తుంది. భయం సంగతి అరుదుగా వినిపిస్తుంది. వేదిక ఎక్కే ముందు వణికే పదేళ్ల పాపకు నిజానికి ఆ రెండవదే ఎక్కువ అండ.

ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. ఆ చప్పట్లు సంబోధనకు వచ్చినవి. అప్పటికి వక్త తన అభిప్రాయం ఒక్కటీ చెప్పలేదు. మతోన్మాదం లోకాన్ని రక్తంతో తడిపిందన్న అసలు మాట తరువాత వచ్చింది. సెప్టెంబరు 20న అదే మహాసభలో ఆయన మరింత కటువుగా మాట్లాడారు. భారతదేశానికి కొరవడినది మతం కాదని, అన్నమని, ఆకలిగొన్నవారికి మతబోధ చేయడం వారిని అవమానించడమేనని అన్నారు. తొలినాటి చప్పట్లు చరిత్రకెక్కాయి. ఈ చిన్న ప్రసంగం మాత్రం మన పిల్లల నోట దాదాపు వినబడదు. శ్రోతలు లేచి వెళ్లిపోకుండా నిర్వాహకులు ఆయన ప్రసంగాన్ని కార్యక్రమం చివరికి ఉంచేవారని నాటి బోస్టన్ పత్రిక ఒకటి రాసింది. జనాకర్షణ సభ నిర్వహణకు ఉపయోగపడవచ్చు. విన్నవారికి విషయం అర్థమైందనడానికి అది రుజువు కాదు.

రెండవ సభ మన నేల మీదనే, చికాగోకు ఏడు నెలల ముందు జరిగింది. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో ఆయన, తాను పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్లదలచారో ఇంగ్లీషులో వివరించారు. 1862లో సోమసుందరం మొదలియార్ స్థాపించిన విద్యాసంస్థ అది. సుమారు 1,000 మంది వచ్చారు. వారిలో యూరోపియన్లూ పలువురున్నారు. చికాగో ప్రసంగంలాగా దీని పూర్తి పాఠం మన చేతికి అందలేదు. జీవిత చరిత్రలలో ముఖ్యంగా మిగిలినది, విన్నవారు ఆ తరువాత ఏం చేశారన్నదే. బేగంబజారు వర్తకులు వచ్చి ప్రయాణ వ్యయానికి సాయం చేస్తామన్నారు. ఫిబ్రవరి 17న ఆయన తిరుగు ప్రయాణమైనప్పుడు వెయ్యిమందికి పైగా రైల్వే స్టేషనుకు వెళ్లి వీడ్కోలు పలికారు. అప్పటికి ఆ 30 ఏళ్ల సన్యాసికి లోకప్రసిద్ధి లేదు. ఎవరో పొగిడారని కాక, తమ చెవులను తామే నమ్మి స్పందించినవారు ఆ శ్రోతలు.

అదే కాలంలో మద్రాసు యువకులు చూపిన స్పందన ఇంకా నిశ్శబ్దమైనది. అళసింగ పెరుమాళ్ ఒక ఉపాధ్యాయుడు. ఆయన ముందుండగా యువకులు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశారు. సంస్థానాధీశుల సాయమూ తోడైంది. 1893 మే 31న వివేకానందులు బొంబాయిలో ఓడ ఎక్కగలిగారంటే, దాని వెనుక గడప గడపకూ నడిచిన ఆ కాళ్ల శ్రమ ఉంది. ఆ శ్రమే లేకపోతే చికాగో చప్పట్లకు తావే ఉండేది కాదు.

మూడవ సభ 1897 ఫిబ్రవరిలో మద్రాసులో జరిగింది. తెలుగు జిల్లాలకు కూడా నాడు అదే రాజధాని. విదేశాల నుండి తిరిగివచ్చిన స్వామి బండికి కట్టిన గుర్రాలను విప్పి అభిమానులు తామే లాగారు. విక్టోరియా హాలులో పట్టని జనం వెలుపల నిండిపోయారు. ఆయన వారికోసం బయటికి వచ్చి, గీతాబోధ రథం మీదనే కదా జరిగిందన్న చమత్కారంతో, బండి మీది నుండి ప్రసంగించబోయారు. కోలాహలంలో మాట సాగలేదు. ఆ ఉత్సాహానికి సంతోషిస్తూనే, దానిని ఆరిపోనివ్వవద్దని చెప్పి క్లుప్తంగా ముగించారు. ఎవరి మాట వినడానికి వచ్చారో ఆ మాటనే అభిమానం మింగివేసిన సందర్భమిది. ఫిబ్రవరి 9న అదే హాలులో తన కార్యప్రణాళికను వివరిస్తూ ఆయన శ్రోతలనే ప్రశ్నించారు: తోటివారి కష్టం మీ హృదయాన్ని తాకిందా? దానికి మార్గం కనుగొన్నారా? కొండంత అడ్డంకి ఎదురైనా నిలబడగలరా? వక్తను శ్రోతలు పరీక్షించడం లోకరీతి. ఇక్కడ పరీక్షకు నిలిచినవారు శ్రోతలు.

ఈ మూడింటినీ పక్కపక్కన ఉంచితే, వినిపించే స్పందన కంటే కొనసాగే స్పందనే విలువైనదని తెలుస్తుంది. చప్పట్లు వ్యర్థమని దీని అర్థం కాదు. తొలిసారి మైకు పట్టుకున్న బాలునికి అవి ప్రాణవాయువు. అయితే ఒమాన్‌లో పెరుగుతున్న మన పిల్లల విషయంలో ఒక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, హిందీ, వీధిలో అరబ్బీ వినే పిల్లలకు సంస్కృత సమాసాలు నిండిన ఉపన్యాసం సగమే అందుతుంది. మిగిలిన సగానికి వారు పక్కవారిని చూసి చేతులు కలుపుతారు. దానిని మనం భక్తిశ్రద్ధలుగా లెక్కిస్తే, అర్థం కాలేదని చెప్పే అవకాశాన్ని వారికి లేకుండా చేసినవారమవుతాం. అర్థం కాలేదన్న మాటకు చోటులేని సభకు బాల్యంలో తల్లిదండ్రుల వెంట వస్తారు; పెద్దయ్యాక రారు.

కనుక విద్యార్థుల సభలో ప్రధానోపన్యాసానికి కేటాయించే గంటలో పావుగంట ప్రశ్నలకు మిగల్చాలి. తెలుగులో కూడబలుక్కోలేక ఇంగ్లీషులో అడిగితే చిన్నబుచ్చరాదు. మహబూబ్ కళాశాల ఉపన్యాసం సాగినదీ ఇంగ్లీషులోనే. ఇంటికి వెళ్లే దారిలో, బాగుందా అని అడిగితే అవునన్న మాటే వస్తుంది. ఏ మాట అర్థం కాలేదు, ఏ మాటతో ఏకీభవించలేదు అని అడిగితే సంభాషణ మొదలవుతుంది. నెల తరువాత మరల అదే ఉపన్యాసాన్ని తలచుకొని, పిల్లలు అందులోని ఒక్క మాటనైనా తమంతట తాము చెప్పగలిగితే, ఆ ఉపన్యాసం ఫలించిందని అప్పుడు అనుకోవచ్చు.