కొండదారి యాత్రారచనలు – ఒక విమర్శ

మోటారు ప్రయాణము సులభమైన నాటనుండి తెలుగున కొండయాత్రల వర్ణనలు పెరిగినవి. వానిలో పెక్కింటిని చదివినపుడు మాకు గలుగు అసంతృప్తి యొక్కటే: రచయిత కొండను చూచినాడే కాని కొండపై అడుగిడలేదు. మలుపుల లెక్క, మంచుతెరలు, పచ్చని తివాసి, ఈ మూటితో వ్యాసము ముగియును. ఆ కొండ పేరు తీసి మరియొక కొండ పేరు వ్రాసినను ఒక్క వాక్యమైనను చెడదు. అదియే ఆ రచనల దోషము.

నీలగిరిని ఉదాహరణముగా గైకొందము. మెట్టుపాళయము నుండి కూనూరు మీదుగా ఉదకమండలమునకును, అటనుండి 2,637 మీటర్ల దొడ్డబెట్ట దాపున కోటగిరికిని సాగు దారి మిక్కిలి రమణీయమైనది. కారు అద్దములోనుండి చూచువానికి అంతయు పచ్చదనమే. కూనూరు కడ తేయాకుతోటల గుండా ద్రుగ్ కోటదాక నడచి, కోటగిరి చెంత లాంగ్‌వుడ్ చోలలో అనుమతితో కొంతదూరము తిరిగినవానికి ఆ పచ్చదనమున ఐదు విధములు తోచును. తేయాకు, యూకలిప్టస్, తుమ్మజాతికి చెందిన వాటిల్, ఈ మూడును 19వ శతాబ్దమున పైనుండి తెచ్చి నాటినవి. కొండకు సహజమైనవి రెండే: వాలులపై గడ్డిబీళ్లు, లోయమడతలలో చోల యను పొట్టి అడవి. చోలలో అడుగిడగనే వెలుగు తగ్గును, చలి హెచ్చును, కాలిక్రింద ఆకుమన్ను మెత్తగా నుండును. వాననీటిని పీల్చి నెమ్మదిగా విడుచునది ఆ మన్నే. ఇట్టి చోలల ఊటలే వాగులై భవానీ నదిని చేరును. కోయంబత్తూరు సీమలోని తెలుగు కుటుంబములకు ఆ అడవితో గల చుట్టరికము కారు దిగనివాని కెట్లు తెలియును?

పేర్ల విషయమును అంతియే. ల్యాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ అను ఆంగ్లనామములను వల్లించువారు, దొడ్డబెట్ట యనగా బడగల నోట పెద్దకొండ యని వ్రాయరు. తోడాల గడ్డిబీళ్లను, వారి ఎనుములను తలపరు. పొరుగు భాషల నడుమ తరతరములుగా ఇల్లు కట్టుకొన్న మనకు, ఎదుటివాడు మన పేరడిగి తెలిసికొనుట యెంతటి మర్యాదయో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మర్యాదను మనమును ఇతరులకు చూపవలదా?

వాహనమే తప్పని మా వాదము కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చెన్నపట్టణము నుండి కాశికి సవారిలో పోయివచ్చెను. 1838లో అచ్చైన ఆయన కాశీయాత్ర చరిత్ర నేటికిని నిలిచియున్నదన్న, దారిని, నీటిని, మజిలీని, మనుష్యులను ఆయన విచారించి వ్రాయుటయే కారణము. నడువలేని పెద్దలు దారిప్రక్కన కూర్చుండియైనను అట్లు విచారింపవచ్చును.

వాహనముల రద్దీచే 2024 మే 7 నుండి ఉదకమండలమునకు పోవు బయటి బండ్లకు న్యాయస్థానపు ఆజ్ఞతో ఇ-పాస్ ఏర్పడినది. బండ్లు పెరిగినవి, చూపు పెరుగలేదు. ఇకమీద మన సంచికలకు వ్రాయువారు పది తావులను పేర్కొనుటకంటె ఒక్క తావున దిగి, అరమైలు నడచి, అచ్చటివారిని నాలుగు మాటలడిగి వ్రాయుదురుగాక. అట్టి వ్యాసము మన పిల్లలకు తాము నివసించు నేలను పరిచయము చేయును.