మార్గళిలో చూడు, తైలో సంతకం పెట్టు

చెన్నైలో డిసెంబరు నడిమికి మార్గళి మొదలయ్యిందంటే ఇళ్ల బ్రోకర్లు ఈగలు తోలుకోవాల్సిందే. తెల్లవారుజామున తిరుప్పావై, సాయంత్రం సభల్లో కచేరీలు. ఇంటి బేరం మాట మాత్రం ఎవరూ ఎత్తరు. మనవాళ్లకూ ధనుర్మాసం శూన్యమాసమే కదా.

2023 డిసెంబరు చివర్లో నేను పాత ఫ్లాట్లు చూడటానికి బయల్దేరితే అమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఈ నెలలో ఇల్లేమిట్రా? పండగ వెళ్లేదాకా ఆగలేవూ?"

"కొనడానికి కాదమ్మా, చూసి రావడానికే" అన్నాను. తప్పించుకోవడానికి అన్న ఆ మాటలోనే అసలు కిటుకు ఉందని తర్వాత తెలిసింది.

అప్పటికి మిచాంగ్ తుపాను వెళ్లి మూడు వారాలు. 3, 4 తేదీల్లో కురిసిన వానకు వేళచ్చేరి, పళ్లికరణై వైపు వీధులు చెరువులయ్యాయి. బ్రోకరు చూపించిన గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు నిండా కొత్త పెయింటు వాసన. ఛాతీ ఎత్తులో ఉన్న స్విచ్‌బోర్డులు పాతబడి పసుపు తేలాయి. మోకాలి ఎత్తులో ఉన్న ప్లగ్గులు మాత్రం తెల్లగా మెరిసిపోతున్నాయి. బాత్‌రూమ్ తలుపు అడుగున ఉబ్బి, నేలకు రాసుకుంటోంది. "ఈ వీధిలోకి నీళ్లు రావు సార్" అన్నాడు బ్రోకరు. బయటికొచ్చి ఇస్త్రీ బండాయన్ని అడిగాను. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టకుండానే, రెండో చేత్తో తన నడుము చూపించాడు. అదే ఫ్లాటును మే నెలలో చూసుంటే తలుపు ఎండి చక్కగా పడేది. నేను అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేసేవాణ్ని.

అలాగని డిసెంబరు అన్నీ చెప్పదు. అప్పుడు బోరు నిండా నీళ్లుంటాయి, చూసి మురిసిపోతాం. 2019 వేసవిలో ఇదే నగరం లారీ నీళ్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడింది. అందుకే వాచ్‌మన్‌ని అడగాల్సింది కుళాయి గురించి కాదు, పోయిన మే నెలలో ఎన్ని లారీలు తోలించారని. మెయింటెనెన్స్ లెక్కల పుస్తకం చూపిస్తే ఇంకా మంచిది.

కొనేవాళ్లు పల్చబడిన నెల కాబట్టి అమ్మేవాళ్లు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి మాట్లాడతారు. అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన యజమానికైతే జనవరి మొదట్లో తిరుగు టికెట్టు ఉంటుంది. ఆయన తొందర మనకు కలిసొస్తుంది. తమిళనాడులో స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. ధర గైడ్‌లైన్ విలువకు పైన ఉన్నంతవరకు, బేరంలో లక్ష తగ్గితే ఇంకో 9,000 కూడా మిగిలినట్టే.

ఈ తీరికలోనే కాగితాలు చూసుకోవాలి. ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఈసీని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. మూలపత్రాలు, పట్టా, సీఎండీఏ (చెన్నై నగరాభివృద్ధి సంస్థ) ప్లాను జెరాక్సులు లాయరు చేతిలో పెట్టాలి. పాత ఫ్లాటుకైతే యూడీఎస్, అంటే నేలలో మన వాటా, ఎంతో ముందు అడగాలి. గోడలు పాతబడ్డా విలువ నిలిచేది ఆ నేల వాటాకే.

సంక్రాంతితో మొదలయ్యే తై నెల పుడితే దారి పుడుతుందని తమిళ సామెత. ఆ దారిలోకి అందరూ ఒక్కసారే వచ్చిపడతారు. మంచి ముహూర్తాలున్న రోజుల్లో ఒక సబ్‌రిజిస్ట్రార్ ఉన్న ఆఫీసుకు రోజువారీ 100 రిజిస్ట్రేషన్ టోకెన్లను 150కి పెంచుతుంటారు. ఆ హడావిడిలో ఇల్లు వెతకడం మొదలుపెట్టినవాడికి తలుపు అడుగు చూసే తీరికెక్కడిది?

మేం కనుమ వెళ్లాక, అదే వైపు మెట్టగా ఉన్న మరో వీధిలో ఫ్లాటుకు టోకెన్ అడ్వాన్సు ఇచ్చాం. ధర మార్గళిలో తెగింది, సంతకాలు తైలో పడ్డాయి. అంతా ముహూర్తబలం అంటుంది అమ్మ. నేను కాదనలేదు. గృహప్రవేశం రోజు ఆవిడ పాలు పొంగించడానికి వంటింట్లోకి వెళ్తే, నేను బాత్‌రూమ్ తలుపు మరోసారి వేసి చూసుకున్నాను.