హిబ్రూ లిపిలో అరబ్బీ నుడి

మధ్యయుగాలలో అరబ్బు దేశాల యూదులు అరబ్బీ మాట్లాడేవారు. దానిని తరచు హిబ్రూ లిపిలో రాసేవారు. ఆ రాతప్రతుల భాషపై జాషువా బ్లౌ 1965లో వెలువరించిన గ్రంథం ఈ రంగానికి పునాది వంటిది. వ్యాకరణవిరుద్ధ రూపాలన్నీ లేఖకుల అజ్ఞానం కాదని, వాటిలో నాటి వాడుకభాష వినిపిస్తుందని ఆయన చూపారు. కొన్ని మాత్రం గ్రాంథికం రాయబోయి తప్పినవి: వాడుకలోని ‘మా’ను తీసి, భూతకాల క్రియను మార్చకుండానే ‘లమ్’ చేర్చడం ఇందుకు ఉదాహరణ.

అయితే ‘యూదుల అరబ్బీ’ అనే పేరు వేరొక భాష ఉందన్న భ్రమ కలిగించవచ్చు. హిజ్రీ 300కు పూర్వపు పపైరస్ పత్రాలపై సైమన్ హాప్కిన్స్ 1984లో ప్రకటించిన వ్యాకరణాన్ని దీనితో కలిపి చదవాలి. ముస్లింల రాతలలోనూ ఇటువంటి రూపాలెన్నో కనిపిస్తాయి. హిబ్రూ పదాలు, లిపి యూదులవే. వాడుక నుడి చాలావరకు ఉమ్మడిది. కనుక ప్రాచీన ప్రతులను అచ్చువేసేవారు మూలాన్ని దిద్దరాదు. సవరణ అధోజ్ఞాపికలో ఉంటే చాలు. మూలంలో దిద్దితే సాక్ష్యమే చెరిగిపోతుంది.