మూడో అంతస్తు, చివరి గది

పోయిన నెల మా పిన్ని కొడుకు ఒక డ్రైవ్ లింకు పంపాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. "అన్నయ్యా, ఏడు నిమిషాలే. చూసి నిజం చెప్పు. అమ్మలాగా బాగుంది నాన్నా అనకు" అని మెసేజ్. రాత్రి ఆఫీసు కాల్ అయ్యాక లైట్లన్నీ ఆపేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. దెయ్యం సినిమా. నాలుగో నిమిషం దాకా నిజంగానే భయమేసింది. ఆ తర్వాత దెయ్యం కనపడింది, భయం పోయింది.

ఆ ఒక్క ముక్క రాసి పంపేసి పడుకుందామనుకున్నా. కానీ అదే తప్పు నేనూ చేశాను, 2010లో, మా హాస్టల్లో. అప్పుడు నాకు ఈ మాట చెప్పినవాళ్ళు లేరు. చెప్పిన ఒకాయన వేరే సంగతి చెప్పాడు. అది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అందుకే వాడికి పంపాల్సిన మెసేజ్ ఇంత పొడుగు వ్యాసమైంది.

స్టూడెంట్లు దెయ్యం సినిమాలే ఎందుకు తీస్తారు? చవక కాబట్టి. కామెడీకి టైమింగ్ ఉన్న నటుడు కావాలి. ప్రేమకథకి ఒకమ్మాయి ఒప్పుకోవాలి (మా కాలేజీలో అప్పట్లో ఇది స్క్రిప్టు కంటే పెద్ద సమస్య). దెయ్యానికి ఒక కారిడార్, ఒక రాత్రి ఉంటే చాలు. ఇంకో కారణం కూడా ఉంది, అది తీసేటప్పుడు తెలీదు. ప్రేమకథ చూపిస్తే ఫ్రెండ్సందరూ బాగుంది మామా అంటారు, నిజం తెలుసుకునే దారి ఉండదు. దెయ్యాన్ని చూపిస్తే ఉలిక్కిపడతారు, లేదా నవ్వుతారు. మా భాషలో చెప్పాలంటే టెస్ట్ పాస్ అయిందో ఫెయిల్ అయిందో అక్కడికక్కడే స్క్రీన్ మీద కనపడుతుంది.

ఇలా ఫెయిలయి నేర్చుకున్నవాళ్ళలో సామ్ రైమీ కథ నాకు బాగా ఇష్టం. ఆయన స్కూల్ రోజుల నుంచి ఫ్రెండ్స్‌తో కలిసి సూపర్ 8 కెమెరాతో తీసినవి ఎక్కువగా తన్నుకునే, పడిపోయే కామెడీలు. 1977లో తీసిన ‘ఇట్స్ మర్డర్’ కూడా కామెడీయే. అది తన్నేసింది. జనం నవ్వలేదు. అయితే అందులో భయపెట్టే ముక్క ఒకటుంది. కారు వెనక సీట్లోంచి మనిషి లేచి మీద పడతాడు. ఆ ఒక్క చోట మాత్రం జనం అదిరిపోయారు. రైమీ, అతని ఫ్రెండ్స్ ఆ ముక్కని పట్టుకున్నారు. హారర్ సినిమాలు చూస్తూ, ఎక్కడ ఎవరు ఎందుకు కేక వేస్తున్నారో గమనించారు. 1978లో సుమారు పదహారు వందల డాలర్లతో ‘వితిన్ ది వుడ్స్’ అని అరగంట సినిమా తీశారు. రైమీకి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. ఆ అరగంట సినిమాని డబ్బు పెట్టేవాళ్ళకి డెమోలా చూపించి 1981 నాటి ‘ది ఈవిల్ డెడ్’ తీయగలిగారు.

‘వితిన్ ది వుడ్స్’ అధికారికంగా ఎక్కడా విడుదల కాలేదు. దొరికే కాపీలు మరీ వెలిసిపోయినవి. అందులో నటన గొప్పదేం కాదు, కథ అంతకంటే కాదు. కానీ కెమెరాని అడవిలో తిరిగే ప్రాణిని చేయాలన్న ఆలోచన అప్పటికే రైమీ చేతికి చిక్కింది. ‘ది ఈవిల్ డెడ్’లో అడవిలోంచి క్యాబిన్ మీదకి దూసుకొచ్చే ఆ షాట్ల కోసం కెమెరాని ఒక చెక్కకి బిగించి, రెండు కొసలా ఇద్దరు పట్టుకుని పరిగెత్తారట. స్టెడీక్యామ్‌కి డబ్బుల్లేక చేసిన పని. చూసేవాడికి మాత్రం దెయ్యానికి ఒళ్ళు లేదు, చూపు మాత్రమే ఉంది అనిపిస్తుంది. విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, వీడియో షాపు నడిపి, సినిమాల్లోకి వచ్చిన రామ్‌గోపాల్ వర్మ 1992లో ‘రాత్రి’ తీసినప్పుడు పట్టుకున్నదీ ఈ సూత్రాన్నే. కొత్తింట్లో దిగిన మామూలు కుటుంబం, కాలేజీకెళ్ళే అమ్మాయి, ఆ ఇంట్లో కనపడకుండా తిరిగే చూపు. మా హాస్టల్లో వర్మ గురించి రాత్రంతా మాట్లాడేవాళ్ళు ప్రతి వింగ్‌లోనూ ఉండేవాళ్ళు. నేనూ అందులో ఒకణ్ణి. మాట్లాడాం గానీ, తీసే రోజున ఒక్కటీ గుర్తు రాలేదు.

మా సినిమా పేరు ‘మూడో అంతస్తు’. మా హాస్టల్లో మూడో అంతస్తు చివరి గదికి ఎప్పుడూ తాళం ఉండేది. మేం చేరకముందు, కొన్నేళ్ళ కిందట, ఆ గదిలో ఒక సీనియర్ చనిపోయాడని చెప్పుకునేవాళ్ళు. ఎందుకో ఒక్కొక్కళ్ళు ఒక్కోలా చెప్పేవాళ్ళు. బ్యాక్‌లాగ్స్ అనేవాడొకడు, అమ్మాయి అనేవాడొకడు. మాకు కథ దొరికింది. నా రూమ్మేట్ బావగారి హ్యాండీక్యామ్ తెచ్చాం. నేను డైరెక్టర్ని. సన్నగా, పొడుగ్గా ఉండే మా క్లాసువాడికి మొహం నిండా టాల్కం పౌడర్ పూసి, తెల్ల దుప్పటి చుట్టి, కళ్ళకింద కాటుక పెట్టాం. ఆ ముందు సంవత్సరమే ‘అరుంధతి’ వచ్చింది, ఎవడు దెయ్యం వేసినా పశుపతిలాగే గుడ్లురిమేవాడు. వీడూ అంతే.

కాలేజీ ఫెస్ట్‌లో వేశారు. దుప్పటివాడు తెరమీదకి రాగానే వెనక వరసలోంచి ఎవడో అరుంధతి డైలాగ్ అరిచాడు. ఇక ఆడిటోరియం ఆగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ పదకొండు నిమిషాల్లో ఒక్కచోట, పదిహేను సెకన్లో ఇరవై సెకన్లో, హాలు నిశ్శబ్దమైపోయింది. అది మేం తీసిన షాట్ కాదు. ఫ్యూజ్ పోతే అందరం కిందకి పరిగెత్తాం, కెమెరా ఆపడం మరిచిపోయాం. ఖాళీ కారిడార్, ఆ చివర కొట్టుకుంటున్న ట్యూబ్‌లైటు, బాత్రూమ్‌లో బకెట్‌లోకి కారుతున్న నీళ్ళ చప్పుడు. నిడివి చాలక ఎడిటింగ్‌లో దాన్ని కూడా అతికించాం. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగంమంది రోజూ రాత్రి ఆ కారిడార్ దాటి బాత్రూమ్‌కి వెళ్ళేవాళ్ళే. తెరమీద ఏమీ లేనప్పుడు అక్కడ ఏముందో వాళ్ళే నింపుకున్నారు.

రైమీకి కారు వెనక సీటు దొరికినట్టు మాకు బకెట్ దొరికింది. ఆయన దాన్ని పట్టుకున్నాడు, మేం సెమిస్టర్ పరీక్షలకి వెళ్ళిపోయాం.

మూడేళ్ళ తర్వాత, ఉద్యోగంలో చేరాక, ఒక షార్ట్ ఫిల్మ్ చూసి ఆ బకెట్ గుర్తొచ్చింది. స్వీడన్‌లో డేవిడ్ శాండ్‌బర్గ్ తన భార్య లొట్టా లోస్టెన్‌తో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే 2013లో తీసిన ‘లైట్స్ అవుట్’. మూడు నిమిషాలు కూడా ఉండదు. ఒకావిడ పడుకోబోతూ హాల్లో లైటు ఆపుతుంది. చీకట్లో, అటు చివర, మనిషి ఆకారం. లైటు వేస్తే ఎవరూ లేరు. ఆపితే ఉంది. వేస్తే లేదు. ఇలా మళ్ళీమళ్ళీ. స్విచ్ వేయడం, ఆపడం తప్ప ఏమీ జరగదు. కానీ ఈలోపు మనకి ఆ హాలు పొడవెంతో, ఆమెకీ ఆ ఆకారానికీ మధ్య దూరమెంతో కంఠతా వచ్చేస్తుంది. ఒకసారి లైటు ఆపేసరికి ఆ దూరం లేదు.

ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. భయానికి ముందు భూగోళం కావాలి, అంటే ఏ తలుపు ఎటుందో ప్రేక్షకుడికి తెలిసి ఉండాలి. రూల్ ఒకటే ఉండాలి, అది ఇంట్లో రోజూ చేసే పనికి ముడిపడాలి. స్విచ్ ఆపకుండా ఎవరూ పడుకోలేరు కదా. ఆవిడ ఆ స్విచ్‌కి టేపు అంటించే షాట్ ఒకటుంది. నవ్వొస్తుంది, మనమైనా అదే చేస్తాం అనిపిస్తుంది, అందుకే ఇంకా భయమేస్తుంది. చివర్లో మొహం చూపించడం మాత్రం నాకు నచ్చదు. ఒక సెకను కూడా కాదు, అయినా నచ్చదు. మొదటి నిమిషంలో ఉన్న భయం చివరి నిమిషంలో లేదు, అక్కడున్నది ఉలికిపాటు. రెండిటికీ తేడా ఉంది.

ఆ దెయ్యం ఎవరు? ఎవరో తెలీదు, ఫ్లాష్‌బ్యాక్ లేదు. మన సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత దెయ్యానికి జరిగిన అన్యాయం చెప్పకపోతే టికెట్ డబ్బులు వెనక్కి అడుగుతారు. షార్ట్ ఫిల్మ్‌కి ఆ బాధ లేదు. హాలీవుడ్ దీన్ని 2016లో పెద్ద సినిమాగా తీసినప్పుడు, శాండ్‌బర్గే డైరెక్టర్ అయినా, దెయ్యానికి కథ కావాల్సి వచ్చింది. పేరు పెట్టారు, డయానా. మానసిక వ్యాధితో బాధపడే ఒక తల్లిని అంటిపెట్టుకుని ఉంటుందన్నారు. తల్లి ఉన్నంతకాలం అదీ ఉంటుంది. కాబట్టి చివర్లో పిల్లల్ని కాపాడటానికి ఆ తల్లి తన ప్రాణం తీసుకుంటుంది. విడుదలయ్యాక చాలామంది అడిగారు: డిప్రెషన్‌లో ఉన్న మనిషి లేకపోతేనే ఇంట్లోవాళ్ళు బతుకుతారని చెప్తున్నారా? దర్శకుడు దానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. చెడ్డ ఉద్దేశంతో చేశాడని నేననుకోను. హాలు పొడవు ఎంత బాగా తెలుసో, ఆ తల్లి గురించి అంత తెలీదు. అంతే.

ఇప్పుడు ఆ ఒకాయన సంగతి. ఫెస్ట్ అయ్యాక కుర్చీలు సర్దుతుంటే, మా కాలేజీలోనే ల్యాబ్‌లో పనిచేసే ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. మా కాలేజీలోనే చదివాడు, మేం అన్నా అనేవాళ్ళం. తిడతాడనుకున్నా. తిట్టలేదు. "మూడో అంతస్తు చివరి గది మాదే. నేనూ వాడూ ఉండేవాళ్ళం" అన్నాడు. నాకు ఏం అనాలో తెలీలేదు. "వాడికి చీకటంటే భయం తమ్ముడూ. లైటు వేసుకునే పడుకునేవాడు. నేను రోజూ తిట్టేవాణ్ణి" అని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

సారీ కూడా చెప్పలేదు నేను. ఆ రాత్రి రూమ్‌లో అందరికీ ఈ సంగతి చెప్పినప్పుడు కూడా నాకు నిజంగా తట్టింది ఒకటే: అరే, ఇది వాడుకుని ఉంటే సినిమా ఎంత బాగుండేది! ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ నిజం చెప్పమని అడిగాడు కదా మావాడు, అందుకే రాస్తున్నా.

దీని గురించి ఆలోచించినప్పుడల్లా ‘ది బాబడూక్’ గుర్తొస్తుంది. జెనిఫర్ కెంట్ ముందు 2005లో ‘మాన్‌స్టర్’ అని పది నిమిషాల నలుపు తెలుపు షార్ట్ ఫిల్మ్ తీసింది. తల్లి, కొడుకు, వాళ్ళింట్లో ఒక భూతం. 2014లో దాన్ని పెద్ద సినిమా చేసింది. ఈమెకీ దెయ్యానికి కథ పెట్టక తప్పలేదు. కానీ ఈమె పెట్టిన కథ: భార్యని కాన్పుకి ఆసుపత్రికి తీసుకెళ్తూ కారు ప్రమాదంలో పోయిన భర్త. పిల్లాడి పుట్టినరోజూ తండ్రి పోయిన రోజూ ఒకటే కాబట్టి ఆ ఇంట్లో పుట్టినరోజు ఆ రోజున చేయరు. ఈ ఒక్క సంగతితో ఆ ఇంట్లో ఏముందో మొత్తం తెలిసిపోతుంది. చివర్లో ఆ భూతం చావదు. సెల్లార్‌లో ఉంటుంది, తల్లి దానికి రోజూ గిన్నెలో వానపాములు తీసుకెళ్ళి పెడుతుంది. దెయ్యాన్ని తరిమేయకుండా తిండి పెట్టి ఉంచుకున్న సినిమా నేను వేరేది చూడలేదు. కెంట్ కూడా చాలాసేపు నీడలూ చప్పుళ్ళే చూపిస్తుంది. అది ఎవరో మనకి తెలీని అరగంటలో కూడా ఆమెకి తెలుసు. ప్రేక్షకుడి నుంచి దాచడం ఒకటి, తీసేవాడికే తెలియకపోవడం ఇంకొకటి. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయని మేం అనుకున్నాం. ఉండవు.

మళ్ళీ మావాడి సినిమా. వాడు తీసింది మా అమ్మమ్మ ఇంట్లో, తెనాలి దగ్గర పల్లెటూళ్ళో. రెండేళ్ళ కిందట అమ్మమ్మ పోయాక ఆ ఇంటికి తాళం వేశారు. మొదటి షాట్‌కే గుర్తుపట్టాను. నడవాలో ఊగే ఉయ్యాల బల్ల, పొత్రం పక్కకి పెట్టిన రోలు, పెరటి తలుపు. నాలుగు నిమిషాలు భయపెట్టింది ఆ ఇల్లే. ఎక్కడ అడుగేస్తే ఏం చప్పుడవుతుందో వాడికి తెలుసు, కెమెరాలో అది కనపడుతోంది. ఆ తర్వాత జుట్టు విరబోసుకుని, తెల్ల నైటీలో ఒకమ్మాయి వచ్చింది. ఆ ఇంటికీ ఆ పిల్లకీ ఏ సంబంధమూ లేదు. జపాన్ నుంచి హాలీవుడ్ మీదుగా తెనాలి వచ్చినట్టుంది.

ఫోన్ చేశాను. "ఎవర్రా ఆ అమ్మాయి?"

"మా క్లాస్‌మేట్ అన్నయ్యా."

"అది కాదు. ఆ దెయ్యం ఎవరు?"

"ఎవరో ఒకమ్మాయి. చచ్చిపోయింది."

"ఎలా?"

"అది అనుకోలేదు. అయినా లైట్స్ అవుట్‌లో చెప్పలేదుగా?"

నా దగ్గర జవాబు లేదు. వాడన్నది కరెక్టే. ఆ మూడు నిమిషాల సినిమాని మెచ్చుకుంటూ వాణ్ణి మాత్రం ఎవరని నిలదీయడం అన్యాయమే. కాకపోతే ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరూ చనిపోలేదు, ఈ ఇంట్లో పోయారు అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత టవర్ సరిగా లేదన్నాడు.

పది రోజులకి ఇంకో లింకు వచ్చింది. ఈసారి ఐదు నిమిషాలే. అమ్మాయి లేదు. చివర్లో, తెల్లవారుజామున, ఖాళీ వంటిల్లు. కెమెరా కదలదు. పెరటి వైపు నుంచి గడియ తీసిన చప్పుడు, తర్వాత వాకిట్లో నీళ్ళు చల్లిన చప్పుడు. అమ్మమ్మ రోజూ నాలుగింటికి లేచేది. సౌండ్ ఇంకా సరిగా కుదర్లేదు, నీళ్ళ చప్పుడు బాత్రూమ్‌లో రికార్డ్ చేసినట్టుంది, అది చెప్పాను. నాకు భయమేసిందో ఇంకేదో, సరిగా చెప్పలేకపోయాను.

"పిన్నికి చూపించావా?" అని అడిగాను.

"ఇంకా లేదన్నయ్యా. నువ్వు పక్కనుంటే చూపిస్తా" అన్నాడు. సంక్రాంతికి వెళ్తున్నాను.