తలంటూ, పాదపటమూ

దీపావళి తెల్లవారుజామున పీట మీద కూర్చోబెట్టి, మాడున గోరువెచ్చని నువ్వులనూనె పోసి, అరచేత్తో టపటపా తట్టే మా అమ్మమ్మకి సిద్ధాంతాలేవీ తెలియవు. "కదలకురా" అనేది, అంతే. చెవుల వెనక బొటనవేళ్ళతో రుద్దేది. మెడ నుంచి నడుము దాకా అరచెయ్యి మెల్లగా జార్చేది. కుంకుడురసం కళ్ళలో పడి గోలపెడితే నాలుక మీద ఓ ఉప్పురాయి. ఆ మధ్యాహ్నం పట్టే నిద్ర మళ్ళీ ఏ మాత్ర వేసుకున్నా పట్టలేదు.

పోయినేడాది అమ్మని హైదరాబాద్‌లో అరికాళ్ళు నొక్కే ఓ రిఫ్లెక్సాలజీ పార్లర్‌కి తీసుకెళ్ళాను. గోడ మీద రెండు అరికాళ్ళ పటం. బొటనవేలు తల, పాదం లోపలి అంచు వెన్నెముక, నడిమి వంపులో పొట్టా పేగులూ, రంగురంగుల జిల్లాల్లా. ఇది ప్రాచీన ఈజిప్టుదనీ చైనాదనీ చెప్పుకుంటారుగానీ, ఆ పటం పుట్టిల్లు అమెరికా. విలియం ఫిట్జెరాల్డ్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు ఒంటిని నిలువునా పది మండలాలుగా విభజించి 1917లో పుస్తకం వేశాడు. యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు 1930లలో ఆ లెక్కని అరికాళ్ళ మీదికి దింపింది.

ఇటు తలంటు వెనక శాస్త్రం లేకపోలేదు. వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో రోజూ అభ్యంగం, అంటే ఒంటికి నూనె మర్దన, చేసుకోమన్నాడు, ముఖ్యంగా తలకీ చెవులకీ పాదాలకీ. (పాదాల ఊసు ఆయనా ఎత్తాడు, చూశారా!) అలసట తీరుతుంది, నిద్ర పడుతుంది అన్నాడు. అక్కడితో ఆగక ముసలితనాన్నీ పోగొడుతుందన్నాడు. అతిశయం అక్కడా ఉంది. అయితే ఆ వెంటనే, కఫం ముదిరినవాళ్ళూ అజీర్ణంతో ఉన్నవాళ్ళూ దీని జోలికి పోవద్దని కూడా రాశాడు. నేను చూసిన గోడపటంలో 'వద్దు' అనే గడి ఒక్కటీ లేదు.

నాకు పేచీ అక్కడే. పార్లర్ అమ్మాయి బొటనవేలిని గొంగళిపురుగులా ముడుస్తూ చాపుతూ అమ్మ కుడిపాదం మీద గడి గడీ నడిపించింది. ఒకచోట ఆగి, గట్టిగా నొక్కి, "లివర్ వీక్" అంది. అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. రక్తపరీక్షలో లివర్ నిక్షేపంగా ఉందని తేలింది. రిఫ్లెక్సాలజీతో ఏ జబ్బయినా నయమవుతుందని నమ్మించే ఆధారం దొరకలేదని ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే పరిశోధకుడు 2009లోనే ప్రయోగాలన్నీ కూడదీసి చెప్పాడు. జబ్బు నయం చెయ్యలేని పటం జబ్బుని కనిపెట్టడానికి మాత్రం పూనుకోవడమేమిటి? తలంటిన చెయ్యి ఎన్నడూ నాకు ఏ రోగం ఉందో చెప్పలేదు. మహా అయితే "ఒళ్ళంతా వేడి చేసిందిరా" అనేది.

మరి హాయి ఎక్కణ్ణించి వస్తోంది? వెంట్రుకలుండే చర్మంలో కొన్ని సన్నటి నరాలున్నాయి. సెకనుకి ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడే అవి బాగా పలుకుతాయని స్వీడన్ పరిశోధకులు 2009లో చూపించారు. వీపు మీద అమ్మమ్మ చెయ్యి జారిన వేగం దాదాపు అదే అయ్యుంటుంది. అరికాల్లో ఆ నరాలు బహు అరుదు. నాకు తోచినంతలో, పార్లర్‌లో పనిచేసేది లోతుగా నొక్కే నొక్కుడు, వాల్చిన కుర్చీ, గంటసేపు ఫోను మోగని గది. పటం తీసి గోడకి క్యాలెండర్ తగిలించినా అమ్మకి అక్కడ నిద్ర పట్టేదే.

ఇంతదాకా చదివితే నా ఓటు తలంటుకే అనిపిస్తుంది. కానీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. అమ్మమ్మకి ఎవరు తలంటారు? ఇంట్లో ఏడుగురికి అంటి, గిన్నె అడుగున మిగిలిన నూనె తనే మాడున అద్దుకుని పొయ్యి దగ్గరికి పోయేది. ఆ చేతుల నొప్పి సంగతి మేమెవరం అడగలేదు. తరవాత ఆ నూనెగిన్నె అమ్మ చేతికొచ్చింది, వరస మాత్రం మారలేదు. తలంటులో పిల్లలకీ మగవాళ్ళకీ సుఖం, అంటేవాళ్ళకి చాకిరీ. అరవై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి అమ్మకి కాళ్ళకి దండం పెట్టేవాళ్ళు మిగిలారుగానీ కాళ్ళు పట్టేవాళ్ళు లేరు. డబ్బిచ్చి కొనుక్కున్న చేతిలో బంధుత్వం ఉండదు, నిజమే. బాకీ కూడా ఉండదు. ఆ గంటలో అమ్మ ఎవరికీ కాఫీ కలపలేదు, ఎవరు పిలిచినా లేవలేదు, నోరు తెరిచి గుర్రుపెట్టింది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఆమెని అలా పగలు నిద్రపోనిచ్చినవాళ్ళు లేరు.

మొన్న మళ్ళీ వెళ్దామా అని అడిగాను, లివర్ గొడవ గుర్తుకొస్తుందేమోనని కాస్త జంకుతూనే. అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది: "వెళ్దాంలే. ఈసారి ఆ అమ్మాయిని లివర్ మాట ఎత్తొద్దను. కాళ్ళు మటుకు పట్టమను."