కోనలో ఎనిమిది గుళ్లు

కార్తీకమాసంలో భైరవకోన వెళ్లొచ్చిన వాళ్లెవర్నయినా అడిగి చూడండి. రెండు సంగతులే చెబుతారు. ఒకటి జలపాతం. రెండోది, పౌర్ణమినాడు అమ్మవారి మీద వెన్నెల పడుతుందన్న మాట. కొండని తొలిచి ఎనిమిది శివాలయాలు చేసిన మనుషుల ఊసు ఎవరూ ఎత్తరు. మా పశ్చిమ ప్రకాశం వాళ్ల మీద నా ఫిర్యాదు ఇదే. ఆ లెక్కలో మా ఇల్లూ ఉందనుకోండి!

మార్కాపురం నుంచి కనిగిరి మీదుగా చంద్రశేఖరపురం వైపు వెళితే నల్లమలలో ఉంది ఈ కోన. మొన్న కారు దిగీ దిగగానే మా వదిన, "వెన్నెల పడేది ఎక్కడమ్మాయ్?" అంది.

"పట్టపగలు వెన్నెల ఎక్కణ్ణుంచి తెచ్చేది వదినా? ముందు ఈ స్తంభాలు చూడు" అన్నాను.

ఏడు గుళ్లు తూర్పుముఖంగానూ, ఒక్కటి ఉత్తరముఖంగానూ ఉన్నాయి. మామూలు గుడికి రాయి మీద రాయి పేరుస్తారు. ఇక్కడ పేర్చిందేమీ లేదు. కొండలోంచి అక్కర్లేనిది తీసేస్తే మిగిలింది స్తంభం, మిగిలింది గడప, మిగిలింది ద్వారపాలకుడు. రవికెగుడ్డ కత్తిరించే వాళ్లకి ఈ భయం తెలుస్తుంది. కత్తెర పక్కకి పోతే అతుకైనా వేసుకుంటాం. ఉలి పక్కకి పోతే కొండకి అతుకెక్కడిది? శివలింగాలు మాత్రం గ్రానైటు రాతితో విడిగా చెక్కి ప్రతిష్ఠించారు.

అలాగని అన్నీ ఒక్క తీరున లేవు. కొన్ని గుళ్లు మరీ సాదా. కొన్నింట్లో స్తంభాల మొదట్లో సింహాలు కూర్చున్నాయి. అది పల్లవుల పద్ధతి. ఇవి 7, 8 శతాబ్దాలవని కొందరు పండితులు, ఇంకాస్త తర్వాతివని కొందరు అంటారు. మహాబలిపురం నాజూకు వీటికి లేదు. ద్వారపాలకులు కొంచెం మొద్దుగా ఉన్నారనే చెప్పాలి. కానీ సాదా గుడి దగ్గర మొదలుపెట్టి సింహాల గుడి దాకా నడిస్తే, చేతులు పని నేర్చుకుంటున్నట్టు కనిపిస్తుంది. నాకు జలపాతం కంటే అదే ముద్దొచ్చింది.

లోయలో, గుహలో దేవుణ్ణి నిలుపుకోవడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. లెబనాన్‌లో ఖదీషా అనే లోయ ఉంది. సిరియాక్ భాషలో ఆ మాటకి అర్థమే 'పవిత్రం'. మారోనైట్ క్రైస్తవులు శతాబ్దాల తరబడి అక్కడి కొండచరియల్లో మఠాలు కట్టుకుని ఉన్నారు. వాటిలో ఒక మఠంలో 1610లోనే కీర్తనల గ్రంథం అచ్చువేశారు. 1998లో యునెస్కో ఆ లోయని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. వాళ్లకి పుస్తకం సాక్ష్యంగా మిగిలింది. మన కోన శిల్పులకి మిగిలింది రాయే. రాతి మీద ఉలిదెబ్బే వాళ్ల సంతకం. అది కాస్తా చెరిగితే మళ్లీ రాసేవాళ్లు లేరు.

ఇలా అనుకుంటూ ఉండగానే ఒక కుర్రాడు జేబులోంచి తాళంచెవి తీసి గోడ మీద తన పేరు గీకబోయాడు. నేను నోరు తెరిచేలోగా మా వదిన వెళ్లి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఆగు నాయనా! ఇంత పని చేసినవాళ్ల గోడ ఇది, నువ్వేం చేశావని పేరు రాస్తున్నావు?" అంది.

వాడు సిగ్గుపడి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం తిరుగుదారిలో వెన్నెల మాట మా వదిన మళ్లీ ఎత్తలేదు. కనిగిరి వచ్చేదాకా సింహాల గురించే అడుగుతూ వచ్చింది.